ఒక యంత్రంలో పది కాపురాలు

ఆసుపత్రిలో రోగి పేరు నమోదు చేసుకునే గుమాస్తా ముందున్న కంప్యూటర్ నిజానికి ఒక కిటికీ మాత్రమే. అతడు నొక్కిన అక్షరాలు తీగల వెంట పోయి, మరో గదిలోనో, మరో నగరంలోనో రాత్రింబవళ్లు పనిచేసే పెద్ద కంప్యూటర్‌ను చేరుకుంటాయి. అడిగినవారికి అడిగినది అందించడం దాని పని గనుక దానిని సర్వర్ అంటారు. బ్యాంకు ఖాతా, రైలు టిక్కెట్టు, పరీక్షా ఫలితం, కరెంటు బిల్లు, వీటన్నిటి వెనుకా ఎక్కడో ఒక సర్వర్ ఉంటుంది.

ఇంతవరకూ చాలామందికి తెలిసిన సంగతే. అంతగా తెలియని సంగతి మరొకటి ఉన్నది. ఆ సర్వర్‌ను కళ్లారా చూద్దామని ఎవరైనా ఆ గదిలోకి వెళితే చాలా సందర్భాలలో అది కనిపించదు. కనిపించే ఇనుప పెట్టె ఒకటే; అందులో కాపురం ఉంటున్న సర్వర్లు పదో, ఇరవయ్యో. రోగుల వివరాలు చూసేది ఒకటి, మందుల నిల్వ చూసేది మరొకటి, ఉద్యోగుల జీతాలు చూసేది ఇంకొకటి. యంత్రమంతా తన సొంతమేననే భావంతో ప్రతి ఒక్కటీ పనిచేస్తుంది. పక్క వాటా సంగతి దానికి తెలియదు.

ఇటువంటి కంప్యూటర్‌కు వర్చువల్ మెషీన్ అని పేరు. ఈ విశేషణాన్ని తెలుగులోకి తేవడం సులభం కాదు. భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు అద్దంలో కనిపించే బింబాన్ని ‘మిథ్యా ప్రతిబింబం’ అన్నాయి. కాని మిథ్య అనగానే అబద్ధమనే అర్థం తోస్తుంది. ఈ యంత్రం జీతాలను నిజంగానే లెక్కకడుతుంది. అయినా అద్దం పోలిక ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. అద్దంలోని ముఖం చేతికి దొరకదు గాని, దానిని చూసి బొట్టు దిద్దుకోవచ్చు. వర్చువల్ మెషీన్‌కు పెట్టె లేదు, పని ఉన్నది.

ఈ మాయను నడిపించే సాఫ్ట్‌వేర్ ఎవరి చేతిలో ఉండాలి? కొద్ది సంవత్సరాలుగా ఆసుపత్రుల నుంచి బ్యాంకుల దాకా ఎన్నో సంస్థలను కలతపెడుతున్న ప్రశ్న ఇది. దాని బరువు తెలియాలంటే కథను మొదటినుంచి వినాలి.

కేంబ్రిడ్జ్‌లో పుట్టిన ఊహ

1960 ప్రాంతాలలో కంప్యూటర్ ఒక గదిని ఆక్రమించేది. దాని ఖరీదు లక్షల డాలర్లు. అంత విలువైన యంత్రాన్ని ఎక్కువమంది ఒకేసారి వాడుకోవడం ఎలా అన్నది ఆనాటి పరిశోధకుల ముందున్న సమస్య. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, కేంబ్రిడ్జ్ పట్టణంలో ఐ.బి.ఎం. సంస్థ 1964లో ఒక పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పింది. అక్కడ రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో అనే ఇద్దరు ఇంజనీర్లకు ఒక విచిత్రమైన ఆలోచన వచ్చింది. ఒక యంత్రాన్ని పదిమందికి ముక్కలుగా పంచే బదులు, పదిమందిలో ప్రతి ఒక్కరికీ పూర్తి యంత్రమే ఇచ్చినట్లు భ్రమ కల్పిస్తే?

ఆ ఆలోచనకు రూపమే సి.పి.-40. 1967 జనవరి నాటికి అది వాడుకలోకి వచ్చింది. ఒకే యంత్రంలో ఏకకాలంలో 14 వర్చువల్ యంత్రాలను అది నడిపించేది. ఐదేళ్ల తరువాత, 1972లో, ఐ.బి.ఎం. ఈ పద్ధతిని వి.ఎం./370 అనే పేరుతో తన ఖాతాదారులందరికీ అందుబాటులోకి తెచ్చింది.

కంప్యూటర్‌లో కార్యక్రమాలన్నిటినీ అదుపుచేసే మూల సాఫ్ట్‌వేర్‌ను ఆ రోజుల్లో సూపర్‌వైజర్ అనేవారు. అటువంటి సూపర్‌వైజర్లు పదింటిని కట్టడిచేసే పైఅధికారి కావలసివచ్చింది గనుక దానికి హైపర్‌వైజర్ అనే పేరు స్థిరపడింది. ఈ పైఅధికారి ఎలా ఉండాలో 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞులు మూడు సూత్రాలలో చెప్పారు. లోపల నడిచే కార్యక్రమానికి అసలు యంత్రం మీద ఉన్నట్లే అనిపించాలి. దాని ఆదేశాలలో అత్యధిక భాగం ఎవరి జోక్యమూ లేకుండా నేరుగా యంత్రం మీదనే నడవాలి. అయితే యంత్రంలోని వనరులన్నిటి మీదా అధికారం మాత్రం హైపర్‌వైజర్‌దే కావాలి. అర్ధశతాబ్దం గడిచినా ఈ మూడు సూత్రాలకు కాలదోషం పట్టలేదు.

అనువాదకుడూ, అతిథీ

తరువాతి కాలంలో చిన్న కంప్యూటర్లు చవకగా దొరకసాగాయి. పంచుకోవలసిన అవసరమే తీరిపోయిందని లోకం అనుకుంది. కాని కార్యాలయాలలో మరో చిక్కు తలెత్తింది. రెండు పనులను ఒకే యంత్రం మీద పెడితే ఒకటి చెడినప్పుడు రెండవదీ ఆగిపోయేది. ఒకదానికి కావలసిన సాఫ్ట్‌వేర్ మరొకదానికి పడేది కాదు. దానితో పనికొక యంత్రం చొప్పున కొనడం అలవాటయింది. మనిషికొక బంగళా కట్టించినట్లు గదులనిండా యంత్రాలు చేరాయి. వాటిలో చాలా భాగం రోజులో ఎక్కువసేపు ఊరికే కూర్చునేవి. కరెంటు మాత్రం మానకుండా తినేవి. పాత ఊహ మళ్లీ అవసరమయింది.

అయితే చవక కంప్యూటర్లలో వాడే ఇంటెల్ జాతి ప్రాసెసర్లు పోపెక్, గోల్డ్‌బర్గ్ సూత్రాలకు లొంగలేదు. పెంటియం ప్రాసెసర్‌లోని ఆదేశాలను పరీక్షించి, వాటిలో 17 ఆదేశాలు ఈ పనికి అడ్డమని 2000లో పరిశోధకులు తేల్చారు. లోపలివాడు వాటిని ప్రయోగిస్తే పైఅధికారికి హెచ్చరిక అందదు. తప్పు జవాబు మాత్రం నిశ్శబ్దంగా వచ్చేస్తుంది.

ఈ అడ్డంకిని దాటడానికి రెండు దారులు దొరికాయి. మొదటిది అనువాద మార్గం. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మెండెల్ రోసెన్‌బ్లమ్ బృందం చేసిన పరిశోధన ఫలితంగా 1998లో వి.ఎం.వేర్ అనే సంస్థ పుట్టింది. దాని సాఫ్ట్‌వేర్ లోపలి యంత్రం పలికే ఆదేశాలను ముందుగానే చదివి, ప్రమాదకరమైన వాటిని అప్పటికప్పుడు నిరపాయకరమైన ఆదేశాలుగా తిరగరాసేది. మంచి దుబాసీ ఎదుటివారు నొచ్చుకునే మాటను దాటించి భావం అందించినట్లే ఇదీ.

రెండవ దారి ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలో దొరికింది. అక్కడ ఇయాన్ ప్రాట్, కీర్ ఫ్రేజర్ ప్రభృతులు 2003లో వెలువరించిన జెన్ అనే హైపర్‌వైజర్ లోపలివాడిని భ్రమపెట్టలేదు. నీవు ఇక్కడ అతిథివి, ఫలానా పనులకు ఇంటివారిని అడగాలి అని ముందే చెప్పింది. పని వేగంగా సాగింది. కాని అతిథికి ఆ మర్యాద నేర్పాలంటే దాని మూలంలోనే కొన్ని మార్పులు చేయాలి. లైనక్స్ మూలం అందరికీ తెరచి ఉన్నది గనుకనే ఆ మార్పులు చేసి, నలుగురికీ పంచిపెట్టడం సాధ్యమయింది. మూలం మూసి ఉన్న సాఫ్ట్‌వేర్‌ను అలా మార్చి పంచడానికి యజమాని ఒప్పుకోవాలి. ఈ కథలో ‘మూలం ఎవరి చేతిలో ఉన్నది’ అనే మాట మొదటిసారి బలంగా వినిపించినది ఇక్కడే.

2005లో ఇంటెల్, 2006లో ఎ.ఎం.డి. తమ ప్రాసెసర్లనే సవరించి ఈ అడ్డంకిని తొలగించాయి. వెనువెంటనే ఇజ్రాయెల్‌కు చెందిన కుమ్రానెట్ అనే చిన్న సంస్థలో అవి కివిటీ అనే ఇంజనీరు కె.వి.ఎం. అనే కొద్దిపాటి కార్యక్రమాన్ని రాశాడు. 2007 ఫిబ్రవరిలో అది లైనక్స్‌లో అంతర్భాగమయింది. డిస్కు, తెర, నెట్‌వర్క్ వంటి పరికరాలను అనుకరించే పనిని ఫ్రాన్స్ దేశీయుడు ఫాబ్రిస్ బెల్లార్ 2003లో ఆరంభించిన క్యూఈఎంయు అందుకున్నది. ఆనాటినుంచి సవరించిన ప్రాసెసర్ ఉన్న లైనక్స్ యంత్రమేదైనా అతిథులకు ఆశ్రయమివ్వగలిగింది.

ఇల్లు వేరు, గది వేరు

వర్చువల్ మెషీన్‌తోబాటు నేడు తరచుగా వినిపించే మరో మాట కంటెయినర్. రెండింటికీ భేదం ఇల్లూ గదీ వంటిది. వర్చువల్ మెషీన్‌కు తన పునాది, తన వంటిల్లు, తన నీటితొట్టి అన్నీ వేరుగా ఉంటాయి. అంటే దాని ఆపరేటింగ్ సిస్టం దానిదే. కంటెయినర్ ఒక గది. తలుపు వేసుకుంటే ఏకాంతమే గాని వంటిల్లు అందరికీ ఒకటే. ఆపరేటింగ్ సిస్టం గర్భంలో ఉండే కెర్నల్ అన్ని గదులకూ ఉమ్మడి. అందువల్ల గదిని క్షణాలలో సిద్ధం చేయవచ్చు, ఒకే యంత్రంలో వందలకొద్దీ అమర్చవచ్చు. కాని వంటింటికి నిప్పంటుకుంటే ఏ గదికీ రక్షణ లేదు.

ఈ గదుల వరుస కూడా పాతదే. 1979లో యూనిక్స్ ఏడవ రూపంలో ఒక కార్యక్రమానికి ఫైళ్లలో కొంత భాగాన్నే లోకంగా చూపించే ఏర్పాటు వచ్చింది. 2000లో ఫ్రీబీఎస్‌డీ దానిని గట్టిచేసి ‘జైలు’ అని పేరుపెట్టింది. ఏ గదికి ఎంత జ్ఞాపకశక్తి, ఎంత ప్రాసెసర్ వాటా అని కొలిచి ఇచ్చే విధానం 2008లో లైనక్స్‌లో చేరింది. ఆ ఏడే ఎల్.ఎక్స్.సి. కంటెయినర్లు వెలువడ్డాయి. 2013లో డాకర్ వచ్చి ఈ పద్ధతిని సామాన్య ప్రోగ్రామర్ల చేతికి అందించింది.

ఇళ్లూ గదులూ ఉన్నంతమాత్రాన సరిపోదు. వాటిని చూసుకునే పెద్ద ఒకరుండాలి. ఏ యంత్రం మీద ఏ కాపురం ఉండాలి, ఎవరికి ఎంత చోటు, ఎవరి దస్తావేజులకు నకళ్లు ఎప్పుడు తీయాలి అన్నవి నిర్ణయించే వ్యవస్థ కావాలి. ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని ఒక చిన్న సంస్థ 2008లో విడుదల చేసిన ప్రాక్స్‌మాక్స్ అటువంటిది. డెబియన్ లైనక్స్ పునాది మీద కట్టిన ఈ వ్యవస్థ కె.వి.ఎం. యంత్రాలనూ, కంటెయినర్లనూ ఒకే తెర మీద చూపిస్తుంది. దాని మూలమంతా బహిరంగమే.

ఇటువంటి వ్యవస్థ చేసే పనులలో అన్నిటికంటే అబ్బురమైనది, నడుస్తున్న యంత్రాన్ని ఆపకుండా మరో పెట్టెలోకి మార్చడం. కాపురాన్ని కదిలించకుండా ఇల్లు మార్చడమెలా? ముందుగా లోపలి యంత్రం జ్ఞాపకంలోని పుటలన్నిటినీ కొత్త పెట్టెలోకి నకలు చేస్తారు. ఈలోగా పని సాగుతూనే ఉంటుంది గనుక కొన్ని పుటలు మారిపోతాయి. మారిన వాటిని మాత్రం మళ్లీ పంపుతారు. ప్రతి విడతకూ మిగిలేవి తగ్గుతూ వస్తాయి. చివరకు అతి కొద్ది పుటలు మిగిలినప్పుడు ఒక్క క్షణం ఆపి, వాటిని దాటించి, కొత్తచోట ఊపిరి అందిస్తారు. 2005లో కేంబ్రిడ్జ్ బృందం జెన్ మీద ఈ పద్ధతిని పరీక్షించి, ఒక ఆటల సర్వర్‌ను సెకనులో వెయ్యింట 60 వంతుల విరామంతోనే తరలించి చూపింది. ఆడుతున్నవారికి ఆ సంగతి తెలియనైనా తెలియదు.

ఒక పెట్టె చచ్చిపోతే దానిలోని కాపురాలను మిగిలిన పెట్టెలు తిరిగి మొదలుపెట్టగలవు. ఇక్కడొక ధర్మసూక్ష్మం ఉన్నది. పెట్టెల మధ్య తీగ తెగినప్పుడు ఎదుటిది చచ్చిందని ప్రతి పక్షమూ అనుకోవచ్చు. రెండు పక్షాలూ ఒకే జీతాల యంత్రాన్ని మొదలుపెడితే ఒకే చిట్టాలో ఇద్దరు రాసి లెక్క చెడగొడతారు. అందుచేత సగానికి మించిన ఓట్లున్న పక్షమే పని సాగించాలి, తక్కినది తనకు తానే ఆగిపోవాలి అనే నియమం పెట్టారు. ఇద్దరే ఉంటే ఒకరు తప్పుకున్న తరువాత మెజారిటీ తేలదు. కనీసం మూడు ఓట్లు ఉండాలని నిపుణులు చెప్పడానికి కారణం ఇదే.

తాళంచెవి ఎవరిది?

అసలు ప్రశ్నకు వద్దాం. ఒక్క పెట్టెలో పది కాపురాలు పెట్టిన తరువాత, ఆ పెట్టె తాళంచెవి పది తాళంచెవులతో సమానం. అది ఎవరి దగ్గరున్నదో వారి మనసు మారితే పదింటి గతీ మారుతుంది.

వి.ఎం.వేర్ రెండు దశాబ్దాలకు పైగా ఈ రంగంలో అగ్రస్థానంలో ఉన్న సంస్థ. దాని పనితనాన్ని పోటీదారులు కూడా కాదనలేదు. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సంస్థ దానిని సుమారు 6,900 కోట్ల డాలర్లకు కొన్నది. మరుసటి నెలలోనే, ఒకసారి కొంటే శాశ్వతంగా వాడుకోగల లైసెన్సుల అమ్మకం నిలిచిపోయింది. ఇకమీదట చందా పద్ధతే అన్నారు. తమ ఖర్చు విపరీతంగా పెరిగిందని అనేక దేశాల ఖాతాదారులు మొరపెట్టుకున్నారు. చిన్న వాడుకదారులకు ఉచితంగా ఇస్తూ వచ్చిన హైపర్‌వైజర్‌ను 2024 ఫిబ్రవరిలో నిలిపివేశారు; 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చారు. చట్టరీత్యా ఇందులో తప్పేమీ లేదు. సొత్తు వారిది, ఇవ్వడమూ మానడమూ వారి ఇష్టం. కాని దాని మీద ఆధారపడిన ఆసుపత్రికీ కళాశాలకూ ఆ ఇష్టంలో భాగం లేదు.

బహిరంగ మూలం ఉన్న హైపర్‌వైజర్లు కూడా అమ్మకానికి వచ్చాయి. ఫలితం మాత్రం వేరుగా ఉన్నది. జెన్‌ను సృష్టించినవారు స్థాపించిన సంస్థను 2007లో సిట్రిక్స్ కొన్నది. 2017 డిసెంబరులో ఆ సంస్థ తన ఉచిత రూపం నుంచి కొన్ని సౌకర్యాలను తొలగించి, డబ్బు చెల్లించేవారికే పరిమితం చేసింది. మూలం అందరి దగ్గరా ఉన్నందువల్ల, ఫ్రాన్స్‌లోని కొందరు ఇంజనీర్లు చిన్న చిన్న విరాళాలు పోగుచేసి, 2018లో ఎక్స్.సి.పి.-ఎన్.జి. అనే పేరుతో అదే సాఫ్ట్‌వేర్‌ను ఆ సౌకర్యాలతో సహా తిరిగి నిలబెట్టారు. కె.వి.ఎం.ను కన్న కుమ్రానెట్‌ను 2008లో రెడ్‌హ్యాట్ 10 కోట్ల 70 లక్షల డాలర్లకు కొన్నది. అప్పటికే కె.వి.ఎం. లైనక్స్‌లో కలిసిపోయి ఉన్నది గనుక ఎవరికీ ఏదీ చేజారలేదు. అమెజాన్ తన అద్దె యంత్రాల వ్యాపారాన్ని 2006లో జెన్ మీద ప్రారంభించి, 2017 నుంచి కె.వి.ఎం. ఆధారంగా నిర్మించుకున్న ఏర్పాటుకు మారుతూ వచ్చింది. అందుకు అది ఎవరి అనుమతీ అడగవలసిన పని లేకపోయింది.

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న ఒక్క మాటకు ఊరికే వచ్చేదనీ, స్వేచ్ఛ కలదనీ రెండర్థాలు. ఈ ఉద్యమానికి 1983లో నాంది పలికిన రిచర్డ్ స్టాల్‌మన్ ఆ రెండింటి తేడా వివరించడానికి జీవితమంతా శ్రమపడవలసి వచ్చింది. తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. ఉచితంగా ఇచ్చినదానిని దాత రేపు మానవచ్చు. స్వేచ్ఛగా ఇచ్చిన మూలాన్ని వెనక్కి తీసుకోవడం ఇచ్చినవారి తరం కూడా కాదు.

స్వేచ్ఛకూ ఖరీదున్నది

అలాగని బహిరంగ మూలం సర్వరోగ నివారిణి కాదు. క్యూఈఎంయులో పాత ఫ్లాపీ డిస్కును అనుకరించే భాగంలో ఒక లోపం 2004 నుంచి దాగి ఉన్నది. ఫ్లాపీలు లోకం నుంచి మాయమైనా ఆ భాగం లోపల మిగిలిపోయింది. దాని గుండా లోపలి యంత్రం గోడ దూకి ఇంటి యజమాని మీదనే అధికారం సంపాదించే ప్రమాదం ఉన్నదని 2015 మే నెలలో బయటపడింది. ‘వెనమ్’ అని దానికి పేరుపెట్టారు. మూలం తెరచి ఉన్నా పదకొండేళ్లపాటు ఎవరి కంటా పడలేదు. చదివే హక్కు అందరికీ ఉన్నంతమాత్రాన అందరూ చదువుతారని అర్థం కాదు. అయితే లోపం తెలిసిన తరువాత, సవరణ ఏ ఒక్క సంస్థ గుప్పిటలోనూ ఉండిపోలేదు.

మార్పు బాధ కూడా తప్పదు. ప్రాక్స్‌మాక్స్ మొదట ఓపెన్‌వీజడ్ అనే కంటెయినర్లను వాడి, 2015లో వాటిని వదిలి ఎల్.ఎక్స్.సి.కి మారినప్పుడు వాడుకదారులు తమ కాపురాలన్నిటినీ సర్ది కొత్తచోటికి మార్చుకోవలసి వచ్చింది. లైసెన్సు ఖర్చు లేనిచోట జీతం ఖర్చు ఉంటుంది; పెట్టె రాత్రి రెండింటికి మొరాయిస్తే లేచి చూసే మనిషి కావాలి. వియన్నా సంస్థ ఆదాయం కూడా అటువంటి సహాయానికి తీసుకునే చందాల మీదనే నడుస్తున్నది. పది కాపురాలున్న ఇల్లు కూలితే పదీ వీధిన పడతాయి గనుక, దస్తావేజుల నకలు వేరొక ఇంట్లో దాచి, అది తిరిగి పనిచేస్తుందో లేదో అప్పుడప్పుడూ పరీక్షించుకోవడం తప్పనిసరి.

మన దేశంలో నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ 2014లో ప్రభుత్వ శాఖలన్నిటికీ ఉమ్మడిగా మేఘరాజ్ అనే వ్యవస్థను ప్రారంభించింది. శాఖకొక యంత్రం కొనకుండా అవసరమైనంత వాటా తీసుకునే పద్ధతి అది. 2015లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన విధానం, సాఫ్ట్‌వేర్ కొనేటప్పుడు బహిరంగ మూలం ఉన్నదానిని కూడా పరిశీలించాలనీ, వద్దనుకుంటే కారణం చూపాలనీ నిర్దేశించింది. ప్రజల జనన మరణాలు, భూముల హక్కులు, పింఛన్లు నమోదయ్యే చోట ఈ జాగ్రత్త వృథా కాదు. ఈ విద్య నేర్చుకోవడానికి పెద్ద పెట్టుబడి కూడా అక్కరలేదు. చిన్న పట్టణంలోని కళాశాల విద్యార్థి ఒక పాత కంప్యూటర్ మీద ప్రాక్స్‌మాక్స్ వేసుకుని, బ్యాంకులో వాడే పద్ధతినే తన బల్ల మీద సాధన చేయవచ్చు.

ఇల్లు అద్దెకు తీసుకునేవారు గాలీ వెలుతురూ చూస్తారు, నీటి వసతి అడుగుతారు, అద్దె బేరమాడతారు. అనుభవజ్ఞులు మరొకటి కూడా అడుగుతారు: ఖాళీ చేయవలసివస్తే మా సామాను మేము తీసుకుపోవచ్చునా? ఆసుపత్రి అధికారులైనా, సహకార బ్యాంకు పాలకవర్గమైనా, కళాశాల యాజమాన్యమైనా, సర్వర్ ఒప్పందం మీద సంతకం చేసేముందు అడగవలసిన ప్రశ్న అదే. సొంత సాఫ్ట్‌వేర్ కొన్నా, బహిరంగ మూలాన్ని ఎంచుకున్నా ఆ ప్రశ్నకు కాగితం మీద స్పష్టమైన జవాబుండాలి. జవాబు లేనిచోట ఆ సంస్థ కొన్నది యంత్రాన్ని కాదు, ఇంటివారి దయను.